నాలుగో మలుపు దాటితే వంద

మొదటి రోజు

నా పేరు అప్పలకొండ. ఈ చల్లగుట్ట సొరంగాల్లో నలభై ఇళ్ళ గోడల మీద కనబడే ఆకాశం మా ఇంటి సర్వర్‌లోంచే పోతుంది. దాన్ని మేం పెట్టె అంటాం. కొండ నెత్తిన కన్ను, అంటే కెమెరా, ఉంది. కన్ను చూసింది తీగ మీద మా పెట్టెలోకి దిగుతుంది. పెట్టె నుంచి అయిదు మలుపులు తిరిగి చావడికి పోతుంది, చావడి నుంచి ఇంటింటి కిటికీకి, అంటే గోడ మీది తెరకి, పోతుంది. ప్రతి మూరా నా చేత్తో లాగిందే. రాతిలో గాలి సిగ్నల్ నడవదు. అందుకని ఊరికి తీగే దిక్కు, తీగకి నేనే దిక్కు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇంతే.

తీగ మీద తగువు వస్తే పెట్టె గలవాడు రోజూ ఏం చూశాడో, ఏం దొరికిందో రాయాలి. రాసింది పదో రోజున చావడిలో అందరి ముందూ చదువుతారు. అది కట్టుబాటు. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. పొల్లు పోయిన చోట చదివేవాళ్ళే సర్దుకోండి.

తగువు ఇది. ఇరవై ఒక్క రోజుల కిందట కన్ను తుడవడానికి పైకెక్కి, దిగేటప్పుడు జారిపడ్డాను. తుంటి పట్టేసింది. పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. నేను పడుకున్న మూడో రోజునే నాలుగో మలుపులో రాతి పెచ్చు ఊడి తీగని తెంపింది. కింది వీధి నర్సిములు చేత తెగిన చివరకి కొత్త తల వేయించమని మా ఇంటిదాన్ని, కదిరమ్మని, పంపాను. తల అంటే తీగ చివర నొక్కే ప్లాస్టిక్ ప్లగ్గు. వేయించానంది. కిటికీలు మళ్ళీ వెలిగాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

ఇవాళ చావడి పెద్ద కుల్సుంబీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అప్పలకొండ తాతా, నీ కిటికీ ఆగి ఆగి నడుస్తోంది. గద్ద గాల్లో బిగుసుకుపోయి అంతసేపూ అలాగే ఉంటోంది. పొద్దున్న సూర్యుడు మెట్లెక్కినట్టు ఎగిరి ఎగిరి లేస్తున్నాడు. తాత సూర్యుడు కూడా కుంటుతున్నాడని పిల్లలు నవ్వుతున్నారు."

"ఎవులా పిల్లలు?"

"అది కాదు సంగతి. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు మీట ఓబులేసు వైపు తిప్పేసుకున్నారు."

"ఓబులేసుకి కిటికీ ఎక్కడిదేటి?"

"నువ్వు మంచంలో ఉండగా పెట్టాడు. పొగగొట్టంలోంచి కన్ను పైకి తోశాడు. బాగుంది. పదో రోజున కూర్చుంటాం. ఈలోగా నీది సరిచేసుకుంటే సరే. లేకపోతే కిటికీ హక్కు అతనికి పోతుంది."

ఆమె వెళ్ళాక పెట్టెలో అంకె చూశాను. తీగ మీద వేగం ఎంతో చెప్పే అంకె. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వెయ్యి. ఇవాళ వంద.

సాయంత్రం కదిరమ్మ ఇంట్లో లేదు. పొయ్యి మీద పుట్టగొడుగుల కూర మూతపెట్టి ఉంది. వచ్చాక ఎక్కడికెళ్ళావని అడిగాను.

"ఓబులన్న కిటికీ చూసొచ్చినా," అంది. చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఉన్నాయి, వాళ్ళు చెనిక్కాయలంటారు. నేను తినలేదు.

రెండో రోజు

పెట్టె మూత విప్పి దుమ్ము ఊదాను. గాలిమర తిరుగుతోంది. డిస్కు వేడెక్కలేదు. తీగ దూర్చే కంత పక్కన చిన్న దీపం ఉంటుంది. వెయ్యి అయితే తెల్లగా, వంద అయితే ఎర్రగా వెలుగుతుంది. ఎర్రగా ఉంది.

చావడికి పోయే తీగ పీకి, అదే కంతలో మూరెడు తీగ పెట్టి, దాని రెండో కొసకి తీగలు పరీక్షించే నా చిన్న పెట్టెని తగిలించాను. దీపం తెల్లబడింది. అంకె వెయ్యి.

అంటే పెట్టె మంచిది. కంత మంచిది. ఓబులేసు ఊరంతా తిరిగి "అప్పలకొండ బావ పెట్టె పాతబడిపోయింది పాపం" అంటున్నాడట. పాతబడింది పెట్టె కాదని రాసుకోండి. ఇది చదివేటప్పుడు కుల్సుంబీ కొంచెం గట్టిగా చదవాలి.

ఇంకొకటి. నన్ను బావా అని పిలిచే హక్కు అతనికి ఎవరిచ్చారు? అతనూ కదిరమ్మా ఒకవైపు మనుషులు. ఎండలు పెరిగి జనం కొండల్లోకి దూరిన ఏడు వాళ్ళ వాళ్ళంతా ఎక్కడో అనంతపురం దాటి నుంచి వచ్చారు, మావాళ్ళు బొబ్బిలి దగ్గర నుంచి వచ్చారు. ఈమె అతన్ని ఓబులన్నా అంటుంది. అందుకని నేను బావనట. ఆమె అన్నకి అరవై ఎనిమిదేళ్ళు. పళ్ళన్నీ ఉన్నాయి.

మూడో రోజు

తుంటి నొప్పి. మంచం. ఏమీ చూడలేదు. ఏమీ దొరకలేదు.

కదిరమ్మ పొద్దున్న రాతి చెమ్మ పట్టే కుండలు దింపి, గోడ తుడిచి, నాకు కాపడం పెట్టింది. సాయంత్రం దీపాలు పసుపు రంగుకి తిరిగే వేళకి తల దువ్వుకుంది. ఆ కాస్త దూరం పోవడానికి తల దువ్వుకోవాలా?

"యాడికని అడగవేం?" అంది.

"నాకు తెలీదేటి."

"తెలిస్తే మంచిదే. కూర వేడిగా ఉంది, తినేయ్."

వెళ్ళి వచ్చేసరికి దాదాపు గంట. నేను లెక్కపెట్టలేదు. గడియారం ఎదురుగా ఉంటే కనబడుతుంది అంతే.

అయిదో రోజు

నడిచాను. చిన్న పెట్టె భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగి. ప్రతి మలుపులోనూ గోడకి ముడిపెట్టె ఉంటుంది. ఒక పక్క నుంచి తీగ వచ్చి అందులో దిగుతుంది, రెండో పక్క నుంచి ఇంకో తీగ పోతుంది. ఎక్కడికక్కడ చిన్న పెట్టె తగిలించి అంకె చూసుకుంటూ పోవడమే పని. ఇందులో మంత్రం ఏమీ లేదు. వెయ్యి ఎక్కడిదాకా ఉందో, వంద ఎక్కడ మొదలైందో తెలిస్తే, తప్పు ఆ రెండింటి మధ్యనే ఉంటుంది.

మొదటి మలుపు. వెయ్యి.

రెండో మలుపు. వెయ్యి. ఇక్కడ ముడిపెట్టెలో తేళ్ళు కాపురం పెట్టాయి. దులిపాను.

మూడో మలుపు చేరేసరికి కాలు మొరాయించింది. అయినా తగిలించి చూశాను. వెయ్యి.

దారిలో ఎదురైన ప్రతివాడూ ఒక మాట. "తాతా, నీ సూర్యుడు ఏ మెట్టు మీద ఉన్నాడు?" అని ఒకడు. "కిటికీ తాతకి కిటికీ ఊడిపోయింది" అని ఇంకొకతె. ఇదే మనిషి తన కూతురు పురిటి నొప్పుల్లో ఆకాశం చూస్తానంటే, నా చేత గోడకి రెండో కిటికీ పెట్టించుకుంది. పేరు రాయను. చదివేటప్పుడు తలొంచుకున్నది ఎవరో మీరే చూసుకోండి.

ఆరో రోజు

నాలుగో మలుపు. ముడిపెట్టెలో వచ్చే తీగ తల పీకి చిన్న పెట్టెకి పెట్టాను. ఎర్ర దీపం. వంద. మూడో మలుపు దగ్గర వెయ్యిగా బయల్దేరిన తీగ నాలుగో మలుపుకి వందగా చేరింది. తప్పు ఈ తీగలోనే ఉంది.

మన తీగలో ఎనిమిది పోగులు. ఎనిమిదీ తమ చోట్లలో పడితే వెయ్యి. మొదటి నాలుగే పడితే వంద. తీగ తెగిపోతే అసలేమీ రాదు. వంద వస్తోందంటే నాలుగు పోగులు బాగానే ఉన్నాయి, నాలుగింటికి ఏదో అయింది.

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను. నాలుగో మలుపు ముడిపెట్టె ఎవరి గుమ్మం పక్కన ఉంది? ఓబులేసు గుమ్మం పక్కన. చెయ్యి చాపితే అందుతుంది. నేను మంచం మీద ఉండగా నా కిటికీ కుంటింది. నేను మంచం మీద ఉండగానే అతని కిటికీ వెలిగింది. నర్సిములు వేసిన తలకి వంక పెట్టను, పోగుల వరుస నేను చెప్పి పంపిందే. ఆ తర్వాత ఎవరి చెయ్యి పడింది?

నేను ముడిపెట్టె ముందు నిలబడి ఉండగానే తలుపు తీశాడు.

"ఏం బావా, తుంటి ఎట్లుంది? లోపలికి రా, నీళ్ళు తాగిపో."

"నీ నీళ్ళు నాకొద్దు. ఈ తీగని ఎవుడు ముట్టుకున్నాడో సెప్పు."

అతను తీగ వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. ఆగడం నేను చూశాను.

"నాకేం తెలుసు బావా," అన్నాడు.

అబద్ధం చెప్పేవాడి మొహం నేను డెబ్భై నాలుగేళ్ళుగా చూస్తున్నాను. నాలుగో మలుపులో ఉండే నారింజ దీపం కింద కూడా పోల్చుకోగలను.

వెనక తలుపు సందులోంచి అతని కిటికీ కనబడింది. ఒక్క క్షణమే. గోడ నిండా ఎరుపు. గద్దలు ఆగకుండా తిరుగుతున్నాయి. చూడలేదని రాద్దామనుకున్నాను. చూశాను.

ఏడో రోజు

కదిరమ్మ అడిగింది, తప్పు దొరికిందా అని. దొరికిందన్నాను. దొంగ కూడా దొరికాడన్నాను.

"దొంగ ఏంది? నాలుగో మలుపు కాడ తల కోసేసి ఇంకో తల ఏసుకో. పోయిందేముంది?"

"ముట్టుకోను. పదో రోజున అందరినీ అక్కడికి తీసుకెళ్ళి చూపిస్తాను. ఎవరి గుమ్మం పక్కన ఉందో, ఎవరి చెయ్యి ఎంత పొడుగో అందరూ చూడాలి."

"ఓబులన్న అట్లాంటోడు కాదు."

"ఎట్లాంటోడో నీకు బాగా తెలుసు కదా. రోజూ పోతున్నావు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. ముప్ఫై ఏళ్ళ కిందటైతే విసిరేది. ఇప్పుడు గిన్నెలో పెట్టి, మూత వేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. దానికి నేను సంతోషపడ్డాను. సంతోషపడ్డానని రాయడానికి సిగ్గుపడటం లేదు.

మరో నాలుగు ఇళ్ళు మీట తిప్పుకున్నాయి. పద్దెనిమిది.

తొమ్మిదో రోజు

కుల్సుంబీకి కబురు పెట్టాను, రేపు ఓబులేసు పేరు పెట్టి అడుగుతానని. తీగకి హాని చేసినవాడికి ఈ ఊళ్ళో శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. అతని గోడ మీద కిటికీ తీసేస్తారు. చావడికి పోయే తీగ తెంచుతారు. ఏడాది పాటు రాయి చూస్తూ కూర్చోవాలి.

ఆ కబురు విని కదిరమ్మ పొయ్యి ఆర్పేసింది. వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఆ తల నర్సిములు ఏయలేదు," అంది. "నేనే ఏసినా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"నర్సిములు మూడు దినాలు రాలేనన్నాడు. మూడు దినాలు కిటికీ ఆగిపోతే ఊరు ఊరంతా ఇంకో పక్కకి తిరిగిపోతాది, నువ్వు మంచంలోనే చచ్చిపోతావని, నేనే పోయినా."

"తల నొక్కడం నీకెవుడు నేర్పాడు?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు నీ పక్కన దీపం పట్టుకుని నిలబడితిని. ఇంకెవురు నేర్పల్ల?"

"తప్పు నొక్కావు."

"లేదు. నువ్వు చెప్పినట్టే నొక్కినా. మంచంలోంచి పాట మాదిరి చెప్తివి కదా. తెలుపు, నలుపు, ఎరుపు, నీలం, నారింజ, పచ్చ, గోధుమ, మిగిలింది. దారి పొడుగునా అదే అనుకుంటా పోయినా. ఒక్క పోగు తప్పలేదు."

ఇద్దరం నడిచాం. ఆమె భుజం పట్టుకునే నడిచాను. కర్ర ఇంట్లో మర్చిపోయాను. నాలుగో మలుపులో ఆ తల కోశాను. కోసింది అక్కడ చూడలేదు. ఆ నారింజ దీపం కింద ఏ రంగైనా ఒకేలా ఉంటుంది. మూడో మలుపు తెల్ల దీపం కిందికి తెచ్చి చూశాం.

తెలుపు. నలుపు. ఎరుపు. నీలం. నారింజ. పసుపు. గోధుమ. ఆకు రంగు.

"ఇదేటి?" అన్నాను. "నారింజ పక్కన పసుపు పెట్టావేటి?"

"పచ్చ అంటివి కదా."

"పచ్చ అంటే పచ్చ. ఇది పసుపు."

"పసుపు పచ్చగా ఉండక నల్లగా ఉంటాదా?"

"ఓలమ్మ! పచ్చంటే ఆకు రంగే. పచ్చగడ్డి ఏ రంగు?"

"ఆకు రంగు."

"మరి?"

"కామెర్లొచ్చినోని కండ్లు ఏ రంగు? పచ్చకామెర్లు అంటాం కదా. వాని కండ్లలో గడ్డి మొలుస్తాదా?"

ఆ పోగుని దీపానికి ఇంకా దగ్గరగా పెట్టి చూశాను.

"మా అమ్మగారింట్లో పచ్చంటే ఇదే," అంటూ పసుపు పోగు గోటితో గీసింది. "నువ్వు చెప్పేది ఆకు. పెండ్లైన రెండో ఏడు నువ్వు పచ్చ చీర తెస్తానంటివి. నేను పసుపు రవిక కుట్టించుకుని కూర్చుంటిని. నువ్వు ఆకు చీర తెస్తివి. అంగట్లో పొరపాటున కట్టిచ్చినారులే, అంటే నొచ్చుకుంటావులే అని ఆ రవిక మీదే కట్టుకుంటిని."

"పొరపాటు కాదే అది. నేను ఎంచి ఎంచి తెచ్చాను."

"ఇప్పుడు తెలిసింది."

నలభై ఆరేళ్ళు. పెళ్ళినాటి నుంచి ఒకే పళ్ళెంలో తిన్నాం. పచ్చ అన్నప్పుడల్లా ఆమె ఒకటి చూసింది, నేను ఒకటి చూశాను. నేను పేరు చెప్పకుండా "మిగిలింది" అన్నదే పసుపు. ఆ ఒక్క పేరు పలికి ఉంటే ఆమె ఆగి అడిగేది. పోగుల వరుస చెప్పేటప్పుడు చివరిది చెప్పకపోవడం నా అలవాటు. ఏడు చెబితే ఎనిమిదోది తెలియనివాడు తీగ పట్టుకోకూడదని నా లెక్క.

అప్పుడు అడగకూడనిది అడిగాను.

"ఈ సంగతి ఓబులేసుకి తెలుసా?"

"నాలుగో మలుపు దీపంలో రంగులు తెలీవు కదా. చేతి దీపం పట్టింది ఆయనే."

"మరి నేను గుమ్మంలో నిలబడి అడిగితే తెలీదన్నాడు."

"నేనే చెప్పొద్దన్నా. నీ తీగ మీద నేను చెయ్యేసినానని తెలిస్తే నువ్వు ఏమైతావో అని."

ఆమె పని చేసింది. అతను దీపం పట్టాడు. నేను దొంగ అన్నాను, అతను నీళ్ళు తాగిపో అన్నాడు. దొంగ అయి ఉంటే ఎంత బాగుండేది. వెధవ మంచివాడు. దీని మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

నాలుగో మలుపుకి తిరిగి వచ్చి కొత్త తల నేను నొక్కాను. ఓబులేసు చేతి దీపం అడిగి తెచ్చి ఆమె పట్టింది. ముడిపెట్టెలో పెట్టాను. తెల్ల దీపం. వెయ్యి.

పదో రోజు, పొద్దున్న

రాత్రి రాసింది కదిరమ్మకి చదివి వినిపించాను. చావడిలో చదవకముందే ఆ పేజీ తీసేయవచ్చు. తీసేస్తే, తల వదులైంది, బిగించాను, అంతే. నా చెయ్యి పడగానే వెయ్యి వచ్చిందంటారు. నాకు పరువు, ఓబులేసుకి అనుమానం. కబురు ముందే పెట్టాను కదా, అది సగం ఊళ్ళో తిరుగుతూనే ఉంటుంది.

"ఉంచుతావా, చింపుతావా?" అంది.

"నీ పేరు ఉంది అందులో."

"ఉండనీ. ఎనిమిది పోగులు మొదటిసారికే దూర్చినా. నీకు మొదటిసారి ఎన్ని తలలు పాడైనాయో అదీ రాయి."

పదకొండు పాడయ్యాయి. రాశాను.

పదో రోజు, చావడి అయ్యాక

రాయాల్సిన అక్కర తీరింది, చెయ్యి అలవాటుపడి రాస్తున్నాను. కుల్సుంబీ మొత్తం చదివింది. పళ్ళ సంగతి కూడా. ఓబులేసు ఆ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. తల దువ్వుకోవడం గురించి చదివినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి లేచిన నవ్వుకి పైనుంచి దుమ్ము రాలింది. నేను కదలలేదు.

తొమ్మిదో రోజు చదివేసరికి చావడి రెండుగా చీలింది. పచ్చంటే ఆకు అని సగం, పచ్చంటే పసుపు అని సగం. ఎంతసేపు అరుచుకున్నారంటే, కిటికీ హక్కు మాట అందరూ మర్చిపోయారు. ఒక ఇంట్లో మామ ఈ పక్క, కోడలు ఆ పక్క. నర్సిములు లేచి, తన చేత్తో వేసిన తలల్లో ఎన్ని ఇలా పోయాయో తనకే భయంగా ఉందన్నాడు. చివరికి కుల్సుంబీ పళ్ళెం మీద గరిటెతో కొట్టి, ఇక మీద తీగ దగ్గర ఒట్టి పచ్చ అనే మాట ఎవరి నోటా రాకూడదు, ఆకు అనాలి లేదా పసుపు అనాలి, మిగిలింది అని ఎవరూ అనకూడదు అని చెప్పింది.

అప్పుడు నేను లేచాను. ఓబులేసు మీద పెట్టిన మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. తప్పు మా ఇంటిది, పంపిన మాట నాది అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

ఓబులేసు లేచి, "పెద్ద మాటలెందుకు బావా. కూర్చో, తుంటి నొస్తాది," అన్నాడు. అందరి ముందూ. ఇంతకంటే నన్ను తిట్టి ఉంటే నయం.

తీర్పు: నాది బాగైంది, పద్దెనిమిది ఇళ్ళు అతనిది చూస్తున్నాయి, కాబట్టి పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఊరి కిటికీ నాది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఓబులేసుది. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజంతా నాది. ఇవాళ్టి నుంచి సగం.

పదకొండో రోజు

సూర్యుడు ఎక్కడా ఆగకుండా లేచాడు. గద్దల గుంపు గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నూనెలో జారినట్టు పోయింది. పది ఇళ్ళవాళ్ళు కేక వేసి చెప్పారు, బాగుందని. చెప్పనివాళ్ళు కూడా మీట ఇటు తిప్పారు, నాకు పెట్టెలో తెలుస్తుంది.

సాయంత్రం కదిరమ్మ తల దువ్వుకుంది.

"మన కిటికీ బాగైంది కదా?" అన్నాను.

"బాగైంది."

"వెయ్యి ఉంది."

"ఉంది."

"మరి ఎక్కడికి?"

ఆమె జుట్టు ముడేసి దువ్వెన గూట్లో పెట్టింది.

"నీ కన్ను తూర్పు చూస్తాది. సాయంత్రం నీ గోడ మీద ఏముంటాది? నల్లబడే కొండ. ఓబులన్న కన్ను పడమర చూస్తాది. నాకు పొద్దు గూకేది చూడాలని ఉంటాది. చిన్నప్పుడు మా మిద్దె మీద కూర్చుని చూసినా. ఎండలు ముదిరినంక మళ్ళీ చూడలా."

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ అనలేదేటి?"

"నువ్వు తెల్లారేటప్పుడు చేతులు కట్టుకుని ఆ గోడ ముందర ఎట్ల నిలబడతావో నీకు తెలీదు. సూర్యుణ్ణి నువ్వే కన్నట్టు. నీకింకో దిక్కు ఉందని ఎవురు చెప్తారు?"

వెళ్ళింది. చావడి తర్వాతి ఇళ్ళకి ఓబులేసు సాయంత్రం అందుతుంది. మాది సొరంగం మొదట్లో, అటు పోయే దారిలో ఉంది. వెనక్కి వచ్చే తీగ లేదు. మా గోడ మీద నా పెట్టె చూపేదే. నలభై ఇళ్ళకి ఆకాశం పంచిన ఇంట్లో సాయంత్రం లేదు.

గంటసేపు నల్లబడే కొండని చూశాను. నిజమే. ఏమీ ఉండదు.

పదమూడు నుంచి పదిహేనో రోజు దాకా

ఎవరూ అడగలేదు. తీగ చుట్ట భుజానికి వేసుకుని నాలుగో మలుపుకి వెళ్ళి ఓబులేసు తలుపు కొట్టాను.

"నీ పెట్టెలో ఖాళీ కంత ఉందా?"

"ఉంది. ఎందుకు బావా?"

"మా ఇంటికి తీగ లాగాలి."

"ఎవరి కోసం?"

"తీగ కోసం. కంత చూపించు."

చూపించాడు. అతని పెట్టె కొత్తది. లోపల పనితనం శుభ్రంగా ఉంది. వంక వెతికాను. గాలిమర కొంచెం చప్పుడు చేస్తుంది. అంతే.

మూడు రోజులు పట్టింది. నేను ముందు, అతను వెనక చుట్ట విప్పుతూ. రాతిలో కొక్కేలు పాతవే ఉన్నాయి, నేను పాతినవే. అతనికి కొక్కేలు కనబడటం లేదు, ఎక్కడుందో ప్రతిసారీ చూపించాల్సి వచ్చింది. అది నాకు బాగుంది. రెండో మలుపులో కూర్చుని చెనిక్కాయలు తిన్నాం. చాలా ఉప్పు. ఉప్పెక్కువ అన్నాను. కదిరమ్మకి అట్లనే ఇష్టం అన్నాడు. నాకు తెలియదు. నాలుగు ఎక్కువ తిన్నాను.

పదహారో రోజు

రెండు చివరలా తలలు నేనే నొక్కాను. అతను వరుస చదివాడు, ఎనిమిదీ చదివాడు. మా గోడకి తగిలించాను. వెయ్యి.

కదిరమ్మకి ముందుగా చెప్పలేదు. దీపాలు రంగు మారే వేళ అయింది. ఆమె దువ్వెన తీసుకుంది. నేను మీట తిప్పాను.

పొద్దు గూకుతోంది. కొండల వెనక, మేఘాల కింద. ఎరుపు, దాని పక్కన పసుపు, పై అంచున ఒక సన్నటి గీత, అది ఏ రంగో నేను పేరు పెట్టను. గద్ద ఒకటి దాన్ని దాటుకుని ఎక్కడా ఆగకుండా పోయింది. ఆమె దువ్వెన ఒళ్ళో పెట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. జుట్టు సగం దువ్వి ఉంది.

"ఇది మన గోడ మీద వస్తాండాదే," అంది.

"వస్తుంది. రోజూ వస్తుంది. ఎక్కడికీ పోనక్కర్లేదు."

ఆమె నా వైపు చూసి నవ్వింది. పక్కకి జరిగింది. తుంటి నొప్పితో నేల మీద కూర్చోలేను, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఓబులేసు సాయంత్రం మా ఇంటి గోడ మీద పూర్తిగా మునిగేదాకా చూశాను. తీగలో తప్పు వెతికాను. బొమ్మలో తప్పు వెతికాను. ఎరుపు కాస్త ఎక్కువైందేమో అనుకున్నాను, ఆమె మొహం మీద పడిన వెలుగు చూస్తే అదీ సరిగ్గానే ఉంది.

ఇవాళ్టికి ఏ వంకా దొరకలేదు.